కంటిని కాచేదే కేన్సర్‌కు చాటు

కాలిలో ముల్లు విరిగితే మర్నాటికి చుట్టూ వాచి, ఎర్రబడి, చీము పడుతుంది. లోపలికి వచ్చిన పరాయి వస్తువుపై ఒంట్లోని రోగ నిరోధక శక్తి చేసే పోరాటమది. ఆ పోరులో కాస్త కండ పాడైనా మళ్లీ పూడుకుంటుంది. కంటిలో అంత పోరు జరిగితే చూపే పోతుంది. అందుకే కంటి లోపల ఈ శక్తి చాలావరకు అణగి ఉంటుంది.

ఈ విశేషాన్ని 1948లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు పీటర్ మెదవార్ వివరించారు. కంటి లోపలి సంగతి శరీరానికి తెలియకపోవడమే కారణమని అప్పట్లో అనుకున్నారు. కాదు, తెలిసే ఊరుకుంటుందని చూపిన వారిలో అమెరికా పరిశోధకుడు జెర్రీ నీడర్‌కార్న్ ఒకరు.

టెక్సాస్ రాష్ట్రం డల్లాస్‌లో ఆయన, వేన్ స్ట్రీలైన్ తదితరులు చేసిన ప్రయోగాలు 1981లో అచ్చయ్యాయి. ఒక జాతి ఎలుకల కేన్సర్ కణాలను వేరొక జాతి ఎలుకల చర్మం కింద ఎక్కించారు. గడ్డ కొంత పెరిగి కరిగిపోయింది. అవే కణాలను కంటి ముందుభాగంలో నీరుండే చోట ఎక్కిస్తే గడ్డ పెరుగుతూనే పోయింది. చిత్రమేమంటే, కణాలిచ్చిన జాతి చర్మాన్ని ఆ ఎలుకలకు అతికిస్తే దాన్ని కూడా చాలాకాలం భరించాయి. కంటి నుంచి కబురు ఒళ్లంతా చేరిందన్నమాట! ప్లీహం తీసేసిన ఎలుకల్లో మాత్రం ఈ సహనం ఏర్పడలేదు. కంటికీ కడుపులోని ప్లీహానికీ ఇంత సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

కేన్సర్ కణాలను చంపే ఒక రకం తెల్ల రక్తకణాలను కంటిలోని నీరే నిలువరిస్తుందని నీడర్‌కార్న్ బృందం 1998లో వెల్లడించింది.

ఈ ఏర్పాటు వల్ల మేలూ ఉంది. వరికోతల్లో ఆకో గింజో తగిలి కంట్లో పువ్వు వేసిన వారికి, నేత్రదానంతో వచ్చిన కార్నియా అతుకుతోందంటే చాలావరకు దీని చలవే. మూత్రపిండం మార్చేటప్పుడు చేసినంతగా దాత కణాలను సరిపోల్చాల్సిన పని సాధారణంగా ఉండదు.

కీడు మెలనోమా అనే కంటి కేన్సర్ విషయంలో తెలుస్తుంది. ఇది పెద్దలకు, ముఖ్యంగా తెల్లజాతి వారికి వస్తుంది. కంటికి చికిత్స చేసినా సుమారు సగం మందికి తర్వాత ఇతర అవయవాలకు పాకుతుంది. ఎక్కువగా చేరేది కాలేయానికే. అలా పాకిన వారికి, రోగ నిరోధక కణాలను కేన్సర్ మీదికి మళ్లించే టెబెంటాఫస్ప్ అనే మందును 2022 జనవరిలో అమెరికా అనుమతించింది. 378 మందిపై జరిపిన పరీక్షలో, ఈ మందు వాడిన వారిలో ఏడాది తర్వాత 73 శాతం మంది బతికి ఉన్నారు. ఇతర మందులు వాడిన వారిలో 59 శాతమే. అయితే ఒక ప్రత్యేక కణజాలపు రకం ఉన్నవారికే ఇది పనిచేస్తుంది.

మన పల్లెల్లో భయపడవలసింది మరో రకం. రెటినోబ్లాస్టోమా అనే ఈ కేన్సర్ ఎక్కువగా అయిదేళ్లలోపు పిల్లలకు వస్తుంది. దీపం వెలుగులోనో, ఫొటో తీసినప్పుడో కనుపాప పిల్లికన్నులా తెల్లగా మెరుస్తుంది. కొందరికి మెల్ల వస్తుంది. నొప్పి లేదు కదా అని నెలలు గడిపితే కంటినరం వెంట మెదడుకు పాకుతుంది. తొలిదశలో తీసుకువెళితే ప్రాణం దక్కుతుంది, చాలాసార్లు కన్నూ దక్కుతుంది. 1987లో హైదరాబాదులో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఈ వ్యాధికి చికిత్స చేస్తున్నారు.