దీక్ష విరమించిన మరునాడు

హనుమద్దీక్షలో ఉన్న 41 రోజులూ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచాను. చన్నీటి స్నానం, పూజ, ఆపై ఊరి వెలుపల ఉన్న గుడి వరకు నడక. ఒక్కనాడైనా తప్పలేదు. గుంతకల్లు చెంతనున్న కసాపురంలో నెట్టికంటి ఆంజనేయస్వామి సన్నిధిని మాల విరమించి ఇల్లు చేరాను. మరునాడు నిద్ర లేచేసరికి ఏడు గంటలైంది. వారం తిరిగేసరికి గుడికి మోటారు సైకిలుపై వెళ్ళసాగాను. రెండు నెలలకు నడక పూర్తిగా నిలిచిపోయింది. 41 రోజులు చెక్కుచెదరని నియమం 42వ నాడు ఎందుకు కూలిపోయింది? దీక్ష స్వీకరించిన భక్తులలో అనేకులకు ఈ అనుభవం ఉండి ఉంటుంది.

నాకు మాత్రం ఇది ప్రాణావసరమైన ప్రశ్న. మా నాన్నగారు మధుమేహంతో బాధపడేవారు. ఒక వైశాఖమాసపు మధ్యాహ్నం కాలుతున్న బండలపై వట్టి కాళ్ళతో ప్రదక్షిణలు చేశారు. అరికాళ్ళు బొబ్బలెక్కిన సంగతి ఆయనకు తెలియనే లేదు. వ్యాధి వలన స్పర్శ అప్పటికే తగ్గిపోయింది. పుండు మానలేదు. చివరకు మోకాలి దిగువన కాలు తీసివేయవలసి వచ్చింది. నా 52వ ఏట అదే వ్యాధి నాకూ ఉన్నదని తేలినప్పుడు, మాత్రలతో పాటు ప్రతిదినం నడవవలసిందేనని వైద్యులు చెప్పారు. నాన్నగారి కాలు కళ్ళ ముందు మెదిలి మూడు వారాలు నడిచాను. ఆ తరువాత ఆ భయమూ అలవాటైపోయింది. దీక్షలో మళ్ళీ నడిచాను, మళ్ళీ మానాను.

మరుసటి సంవత్సరం మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి నుండి తిరుమలకు కాలినడకన బయలుదేరాను. ఆ దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. గాలిగోపురం చేరకముందే కూలబడ్డాను. మెల్లగా దిగివచ్చి బస్సులో కొండకు వెళ్ళాను. స్వామి దర్శనం లభించింది గాని, మొక్కు మొక్కుగానే మిగిలింది.

వానను నమ్మని పూర్వులు

మా అనంతపురం సీమలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా ఒక క్రమంలో రాదు. నాలుగు చినుకులు పడగానే వేరుశనగ విత్తుతాము. పూత పట్టి ఊడలు దిగే వేళకు మబ్బు ముఖం చాటేస్తుంది. ఈ సంగతి ఎరిగిన పూర్వులు వానను తలచుకొంటూ కూర్చోలేదు, చెరువులు కట్టారు. విజయనగర ప్రభువుల కాలం నాటి బుక్కరాయసముద్రం చెరువు నేటికీ అనంతపురం చెంతనే ఉన్నది. వాన కురిసేది కొన్ని దినాలే. కట్ట ఉన్నందువల్ల ఆ నీరు వానలేని దినాలకు అక్కరకు వస్తుంది.

ఉత్సాహం కూడా మా సీమ వాన వంటిదే. వస్తుంది, పోతుంది, మన ఆజ్ఞకు లోబడదు. నేను చేసిన పొరపాటు, ఉత్సాహం ఉన్ననాడు ఎనిమిది కిలోమీటర్లు నడిచి, లేనినాడు మానివేయడం. ఉత్సాహం కలిగిన దినాన చేయవలసినది అధికంగా నడవడం కాదు; అది లేని దినానికి కావలసిన ఏర్పాటు చేసుకోవడం. ఈ మాట గ్రహించడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

దీక్షలో మనలను నిలిపేది ఏది?

దీక్షాకాలంలో మనం అకస్మాత్తుగా దృఢచిత్తులం కాము. వేళ నిర్ణయమై ఉంటుంది. వెళ్ళవలసిన చోటు నిర్ణయమై ఉంటుంది. మెడలోని మాల ప్రతి క్షణం గుర్తు చేస్తుంది. తోటి స్వాములు ఎదురుచూస్తుంటారు. అన్నిటినీ మించి, “ఈరోజు లేవాలా, వద్దా?” అన్న విచారణే ఉండదు. మాలతో పాటు ఇవన్నీ ఒక్కనాడే తొలగిపోతాయి. మనలో భక్తి తగ్గలేదు, కట్ట తెగింది.

ఆధునిక పరిశోధన కూడా దీనికి దగ్గరగానే ఉన్నది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు పరిశీలించి 2009లో ఫలితాలను వెల్లడించింది. ఒక కొత్త పని ప్రయత్నం లేకుండానే జరిగే అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలగా, మరికొందరికి 254 రోజుల వరకు పట్టవచ్చునని అంచనా వేశారు. నీరు త్రాగడం వంటి సులభమైన అలవాటు కంటే వ్యాయామానికి ఎక్కువ కాలం కావాలి. కనుక 41 రోజులతో నడక మనకు స్వభావం కాలేదంటే అందులో సిగ్గుపడవలసినది లేదు. మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోదని కూడా ఆ పరిశీలన తెలిపింది.

పతంజలి మహర్షి యోగసూత్రాలలో అభ్యాసం స్థిరపడడానికి మూడు నియమాలు చెప్పారు: దీర్ఘకాలం చేయాలి, ఎడతెగక చేయాలి, ఆదరంతో చేయాలి. ఉత్సాహంతో చేయాలన్న నియమం అందులో లేదు.

నేను వేసుకున్న కట్ట

మొదటిది, నడకను ఎన్నడూ తప్పని పనికి ముడివేశాను. ఉదయం దీపారాధన ముగియగానే నడక. బూట్లు రాత్రే గడప పక్కన ఉంచుతాను. మా ఎండలకు ప్రొద్దెక్కిన తరువాత నడక సాధ్యం కాదు కనుక వేసవిలో దీపం వేళనే ముందుకు జరిపాను.

రెండవది, కనీస నియమం పది నిమిషాలు. పెద్దవారికి వారానికి 150 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. అది నా గమ్యం. మనసు మొరాయించిన నాడు మాత్రం పది నిమిషాలతో తిరిగి రావడానికి నాకు నేనే అనుమతి ఇచ్చుకున్నాను. బయలుదేరిన తరువాత అలా తిరిగివచ్చిన రోజులు చాలా తక్కువ.

మూడవది, తోడు. పొరుగున ఉన్న రైతు ఒకరు రచ్చబండ వద్ద నిలబడి ఉంటారు. నేను కనబడకపోతే సాయంత్రం ఇంటికే వచ్చి, “ఏం సారూ, ఈ పొద్దు రాలేదే?” అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న నన్ను ఎన్నోమార్లు మంచం దింపింది.

నాలుగవది, ఒకనాడు తప్పితే తప్పనివ్వడం, రెండవనాడు తప్పనివ్వకపోవడం. జ్వరం వచ్చిన రోజులు ఈ లెక్కలోకి రావు.

ఐదవది, పాదాల పరిరక్షణ. మధుమేహం ఉన్న భక్తులకు ఇది నా ప్రత్యేక విన్నపం. నడకకు సరిపోయే పాదరక్షలు ధరించండి. ప్రతి రాత్రి అరికాళ్ళను చూసుకోండి, లేదా ఇంటివారిచేత చూపించుకోండి. ప్రదక్షిణలు బండలు చల్లగా ఉన్న వేళలోనే చేయండి. దీక్ష స్వీకరించే ముందు వైద్యుని, గురుస్వామిని ఇద్దరినీ సంప్రదించండి. నేను గురుస్వామి అనుమతితో పాదరక్షలు ధరించే నడిచాను.

ఈ విధంగా ఏడాదిన్నర గడిచాక మళ్ళీ అలిపిరి చేరాను. మందమైన మేజోళ్ళు తొడుక్కొని, ప్రతి మలుపులోనూ కూర్చుంటూ, నా తరువాత బయలుదేరిన పిల్లలు నన్ను దాటిపోతుండగా, కొండ ఎక్కాను. మొక్కు తీరింది. మాత్రలు మానలేదు, చక్కెర మాత్రం అదుపులో ఉన్నది. నడవాలని అనిపించని ఉదయాలు నేటికీ వస్తాయి. నిన్న కూడా వచ్చింది. దీపం వెలిగించి, బూట్లు తొడుక్కొని వెళ్ళాను.

ఈ సంవత్సరం మాల ధరించబోయే భక్తులకు ఒక్క మనవి. విరమణకు ముందే, 42వ నాడు మీరు నిలుపుకొనే చిన్న నియమం ఏదో స్వామి ఎదుట నిశ్చయించుకోండి. దాని వేళనూ, తోడునూ కూడా అప్పుడే కుదుర్చుకోండి. మాల స్వామికి సమర్పించి వద్దాం. నియమాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకుందాం.