ఎర పంట

ఎర పంట అనగా ప్రధాన పంటను ఆశించే పురుగులను తన వైపు ఆకర్షించుటకు ఆ పంట మధ్యన గానీ, చుట్టూ గానీ పెంచే మొక్క. పెరటి తోటలో ఒకదానికొకటి మేలు చేసే మొక్కలను కలిపి పెంచే పద్ధతిలో ఇది ముఖ్యమైనది. ఇంటి కూరగాయలపై పురుగుమందుల వాడకాన్ని తగ్గించటం దీని ఉద్దేశ్యం.

పనిచేసే విధానం

తల్లి పురుగు గుడ్లు పెట్టుటకు అన్ని మొక్కలనూ సమానంగా ఇష్టపడదు. వాసన, రంగు, ఆకు స్వభావం, పూత దశలను బట్టి ఎంచుకుంటుంది. ఎక్కువ ఇష్టపడే మొక్క దగ్గరలో ఉంటే గుడ్లలో అధిక భాగం దానిపైనే పెడుతుంది. అప్పుడు తోట అంతా వెదకకుండా, ఆ కొద్ది మొక్కలపై గుడ్లను, పురుగులను ఏరివేయవచ్చు.

తోడు మొక్కలు మరికొన్ని విధాలుగా కూడా పనిచేస్తాయి. జొన్న, సజ్జ, మొక్కజొన్న వంటి ఎత్తైన కంచె పంటలు గాలికి కొట్టుకువచ్చే తామర పురుగులను, తెల్లదోమను కొంతవరకు అడ్డుకుంటాయి. కొత్తిమీర, సోంపు పూలలోని మకరందం కొరకు మిత్ర పురుగులు వస్తాయి. అలసందపై చేరే పేనుబంకను తింటూ అక్షింతల పురుగులు వృద్ధి చెందుతాయి.

ముఖ్యమైన ఎర పంటలు

* ఆముదం: మిరప, వేరుశనగ, పొగాకు పంటలను నష్టపరిచే పొగాకు లద్దె పురుగుకు ఇది ఎర. తల్లి పురుగు ఆకులపై వందల గుడ్లను ఒకే ముద్దగా పెట్టి నూగుతో కప్పుతుంది. పిల్ల పురుగులు మొదటి కొద్ది రోజులు గుంపుగా ఉండి పత్రహరితాన్ని గీకి తినుట వలన ఆకు జల్లెడలా మారుతుంది. ఈ దశలోనే ఆకును తుంచి నాశనం చేయాలి. తరువాత పురుగులు చెదిరిపోతాయి.
* బంతి: టమాటాను ఆశించే శనగపచ్చ పురుగు బంతి మొగ్గలపై, పూలపై గుడ్లు పెడుతుంది. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ సిఫారసు ప్రకారం ప్రతి 16 వరుసల టమాటాకు 1 వరుస బంతి నాటాలి. 25 రోజుల టమాటా నారుతో పాటు 45 రోజుల బంతి నారును నాటితే రెండూ ఒకే సమయంలో పూతకు వస్తాయి.
* ఆవాలు: క్యాబేజీని తినే డైమండ్‌బ్యాక్ పురుగుకు ఎర. ప్రతి 25 వరుసల క్యాబేజీకి రెండు వరుసల ఆవాలు వేస్తారు. మొదటి వరుసను క్యాబేజీ నాటుటకు 15 రోజుల ముందు, రెండవ దానిని నాటిన 25 రోజులకు విత్తుతారు.

తెలుగు ప్రాంతాలలో

2000 సంవత్సరంలో అనంతపురం, కర్నూలు జిల్లాలలో వేరుశనగకు కాండం కుళ్ళు వైరస్ తెగులు సోకి రెండు లక్షల హెక్టార్లకు పైగా పంట దెబ్బతిన్నది. వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడి ద్వారా వచ్చే ఈ వైరస్‌ను తామర పురుగులు వ్యాపింపజేస్తాయి. దీని నివారణకు చేను చుట్టూ జొన్న లేదా సజ్జను కంచెగా వేయటం ఒక ముఖ్య సూచన అయినది. 2004-05 ప్రాంతంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ చేపట్టిన పురుగుమందులు లేని సస్యరక్షణ కార్యక్రమంలోను, 2016 నుండి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలోను ఎర పంటలకు, కంచె పంటలకు స్థానం ఉంది.

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలో, వెలికొండలకు తూర్పున ఉన్న దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు మెట్ట ప్రాంతాలు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వలన ఈ జిల్లాకు ఎక్కువ వర్షం లభిస్తుంది. నీరు తక్కువైన ఇటువంటి చోట పెరటికి ఆముదం, జొన్న, అలసంద అనువైనవి. ఇవి బెట్టను కొంతవరకు తట్టుకుంటాయి. పైగా అలసంద కాయలు కూరకు, జొన్న చొప్ప పశువులకు ఉపయోగపడతాయి. దడి పక్కన నాలుగైదు ఆముదపు మొక్కలు, టమాటా మడి అంచున ఒక వరుస బంతి చిన్న పెరటికి సరిపోతాయి.

ఇతర దేశాలలో

కెన్యాలో 1990లలో రూపొందిన పద్ధతిలో మొక్కజొన్న వరుసల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి మొక్కను, చేను చుట్టూ నేపియర్ గడ్డిని పెంచుతారు. మొదటిది కాండం తొలుచు పురుగును వెళ్ళగొడుతుంది, రెండవది తన వైపు లాగుతుంది.

పరిమితులు

ఎర పంటను విత్తి వదిలివేస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. గుడ్లను, పురుగులను ఏరకపోతే అవి అక్కడే పెరిగి ప్రధాన పంటపైకి వస్తాయి. అందువలన వారానికి రెండు సార్లయినా పరిశీలించాలి. వంగ కాయ తొలుచు పురుగు వంటి వాటికి ఎర పంటపైనే ఆధారపడటం చాలదు. వాడిన కొమ్మలను, పుచ్చు కాయలను ఎప్పటికప్పుడు తుంచివేయాలి.

బంతి వేర్లలోని రసాయనాలు నేలలోని నులిపురుగులను తగ్గిస్తాయి. అయితే ఆ మడిలో ముందు పంటగా ఒత్తుగా పెంచినప్పుడే ఈ ఫలితం బాగా కనిపిస్తుంది. అక్కడక్కడ నాటిన మొక్కల వలన అంత ప్రయోజనం ఉండదు. వేసవిలో బంతికి ఎర్రనల్లి సోకి పక్క మొక్కలకు పాకవచ్చు. ఆముదం గింజలలో రైసిన్ అనే విషం ఉన్నందున పిల్లలకు, పశువులకు అందకుండా చూడాలి.

ఇవి కూడా చూడండి

* సమగ్ర సస్యరక్షణ
* ప్రకృతి వ్యవసాయం
* ఆముదము
* బంతి