అరుదైన చిన్న కుక్క, ఎర్రబడిన కన్ను

మా నర్సింగ్ స్కూల్లో శిక్షణ పొంది, ఇప్పుడు వేల్స్‌లో వృద్ధుల వార్డులో పనిచేస్తున్న ఒక సిస్టర్ మాకు పెద్ద ఉత్తరం రాశారు. మామూలుగా మాకు వచ్చే ఉత్తరాలు షుగరు గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో ఉంటాయి. ఇది కుక్క గురించి. మొదటి పేజీ చదివి నవ్వుకున్నాం. రెండో పేజీకి వచ్చేసరికి మా కంటి విభాగం డాక్టరు గారిని పిలిచి చదివి వినిపించాం. అందుకే ఈసారి ఈ పేజీని ఒక కుక్కకు కేటాయిస్తున్నాం.

సిస్టర్ గారి పక్కింటి పెద్దావిడ వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతూ, తన నాలుగేళ్ళ ఆడ కుక్కను ఈమెకు అప్పగించారు. ఆ కుక్క జాతి పేరు సీలీహామ్ టెరియర్. "మన ఊళ్ళో కుక్క వాకిట్లో ఉంటుంది. ఇది నా మంచం పక్కన పడుకుంటుంది. అమ్మకు ఫోనులో చెప్పడానికి నెల రోజులు పట్టింది" అని ఆమె రాశారు.

సీలీహామ్ అంటే ఏ కుక్క?

వేల్స్‌కు పడమటి కొసన పెంబ్రోక్‌షైర్ అనే జిల్లా ఉంది. అక్కడ సీలీహామ్ అనే బంగళాలో ఉండే కెప్టెన్ జాన్ ఎడ్వర్డ్స్, 19వ శతాబ్దం రెండో భాగంలో ఈ జాతిని తయారుచేశారు. నీటికుక్కలను, బాడ్జర్ అనే బలమైన బొరియ జంతువును తరిమేందుకు ఆయనకు పొట్టి కాళ్ళు, గట్టి దవడలు, భయం లేని గుండె ఉన్న కుక్క కావలసి వచ్చింది. భుజం దగ్గర ఎత్తు 31 సెంటీమీటర్లకు మించదు. బరువు 8, 9 కిలోలు. తెల్లని ఒళ్ళు, తల మీదా చెవుల మీదా కొద్దిగా నిమ్మపండు రంగో గోధుమ రంగో మచ్చలు, మూతికి గడ్డం. చూస్తే తాతగారిలా ఉంటుంది.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఇది గొప్పవాళ్ళ ఇళ్ళల్లో ఫ్యాషన్ కుక్క. సినిమా దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తన రెండు సీలీహామ్‌లను వెంటబెట్టుకుని 1963లో వచ్చిన 'ది బర్డ్స్' సినిమాలో ఒక క్షణం కనిపిస్తారు. తర్వాత ఫ్యాషన్ మారింది. 2008లో బ్రిటన్ మొత్తం మీద కెన్నెల్ క్లబ్‌లో నమోదైన సీలీహామ్ పిల్లలు 43 మాత్రమే. సంవత్సరానికి 300 కంటే తక్కువ పిల్లలు నమోదయ్యే స్వదేశీ జాతులను అక్కడ 'ప్రమాదంలో ఉన్న జాతులు' అంటారు. సీలీహామ్ ఆ జాబితాలోకి చేరింది. ఈ 43 అన్న అంకెను దయచేసి గుర్తుంచుకోండి. కన్ను సంగతి వచ్చినప్పుడు మళ్ళీ కావాలి.

ఇంట్లో ఎలా ఉంటుంది?

సిస్టర్ గారి మాటల్లో చెప్పాలంటే "మొండి, కానీ మంచి మనసు". పిలిస్తే వెంటనే రాదు, ఆలోచించుకుని వస్తుంది. తోటలో గుంట తవ్వడం దానికి పుట్టుకతో వచ్చిన పని, తిట్టి మాన్పించలేం. ఒక మూల ఇసుక పోసి అక్కడ తవ్వుకోనివ్వడమే మేలని ఆమె తెలుసుకున్నారు. మొరుగు మాత్రం పెద్ద కుక్క మొరుగే. వెంట్రుక పెద్దగా రాలదు గానీ పైన గరుకుగా, లోపల దట్టంగా రెండు పొరలుగా ఉంటుంది. చచ్చిన వెంట్రుకను వేళ్ళతో లాగి తీయడం పాత పద్ధతి. కత్తెర వేస్తే పని తేలికే, కానీ ఆ గరుకుదనం పోయి మెత్తబడుతుంది. అన్నం తిన్నాక ప్రతిసారీ గడ్డం తుడవాలి.

తిండి విషయంలో ఆమె ఒకసారి గట్టిగా భయపడ్డారు. క్రిస్మస్ రోజున వచ్చిన అతిథి ఒకరు ముద్దుగా కేకు ముక్క తినిపించారు. కిస్‌మిస్, ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేయగలవు. ఏ కుక్కకు ఎంత తింటే హాని అన్నది ముందుగా చెప్పలేం, కాబట్టి అసలు పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. అంటే మన కూర కలిపిన అన్నం దానికి పనికిరాదు. చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కూడా విషమే. ఆ రోజు వెంటనే వాంతి చేయించడం వల్ల కుక్క దక్కింది. ఆ పని పశువైద్యుడు చేశాడు. ఇంట్లో ఉప్పునీళ్ళు పోసి చేయకూడదు.

ఇది చదివి ఇలాంటి కుక్కను ఇక్కడికి తెప్పించుకుందామని ఎవరికైనా అనిపిస్తే మా సలహా వద్దనే. వేల్స్ వానకు, చలికి తగిన కోటు అది. మన రోహిణి కార్తెలో దాన్ని ఏసీ గదిలో బందీగా ఉంచాలి.

ఆ శనివారం

కుక్కకు అయిదో ఏడు నడుస్తుండగా ఒక శనివారం సాయంత్రం కుడి కన్ను ఎర్రబడింది. నీళ్ళు కారుతున్నాయి, కన్ను సగం మూసి ఉంచుతోంది, తల నిమిరితే పక్కకు తిప్పుకుంటోంది. తోటలో మట్టి పడిందనుకున్నారు. ఇంట్లో పాత కంటి చుక్కల సీసా ఉంటే వేశారు. ఆదివారం డ్యూటీ. సోమవారం పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళేసరికి కంటి నల్లగుడ్డు మసకబారి నీలంగా మారింది. ఆ కంటి చూపు పోయింది. "నేను నర్సును. మనిషికి ఇదే జరిగితే రాత్రికి రాత్రి పంపించేదాన్ని" అని రాశారు. ఆ వాక్యం దగ్గరే మేము నవ్వడం మానేశాం.

జరిగినదేమిటంటే, మన కంటిలోలాగే కుక్క కంటిలోనూ లెన్సు సన్నని దారాల మీద వేలాడుతూ ఉంటుంది. కొన్ని టెరియర్ జాతుల్లో ఆ దారాలు పుట్టుకతోనే బలహీనం. సాధారణంగా 3 నుంచి 8 ఏళ్ళ మధ్య అవి తెగిపోతాయి. లెన్సు జారి కంటిపాప ముందుకు వచ్చిందంటే కంటిలో నీరు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఒత్తిడి పెరుగుతుంది. మనం నీటికాసులు అని పిలిచే గ్లకోమా ఇదే, కాకపోతే గంటల్లో ముదిరే రకం. ఒకటి రెండు రోజుల్లో నరం చచ్చిపోవచ్చు. దీనిని ప్రైమరీ లెన్స్ లక్సేషన్ అంటారు.

చుక్కల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మనుషులకు గ్లకోమాకు ఇచ్చే లాటనోప్రోస్ట్ వంటి మందు కుక్కల కంటిపాపను బాగా చిన్నది చేస్తుంది. లెన్సు వెనక ఉన్నప్పుడు అది ముందుకు రాకుండా ఆపడానికి ఆ గుణం పనికొస్తుంది. లెన్సు అప్పటికే ముందుకు వచ్చి ఉంటే అదే మందు తలుపు గడియ పెట్టినట్లు చేసి కంటిని ఇంకా పాడుచేస్తుంది. లెన్సు ఎటు ఉందో పరికరంతో చూడకుండా ఏ చుక్కా వేయకూడదు. మనుషుల విషయంలోనూ పక్కింటివాళ్ళ చుక్కలు అడిగి వేసుకునేవారు మా ఓపీకి వారానికి ఒకరైనా వస్తారు.

ఒక కన్ను పోతే రెండో కన్ను కూడా అదే దారిలో ఉందని అర్థం. సిస్టర్ గారి కుక్కకు ఎడమ కంటిలో లెన్సు అప్పటికే కదులుతోంది. నిపుణుడు శస్త్రచికిత్స చేసి లెన్సు తీసేశారు. నొప్పిపెడుతున్న కుడి కన్నును తొలగించారు.

43 కుక్కల పిల్లలు ఎవరిని పెళ్ళాడాలి?

ఈ జబ్బుకు కారణమైన జన్యుమార్పును 2010లో కనుగొన్నారు. ఆ జన్యువు పేరు ఏడీఏఎమ్‌టీఎస్17. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులూ వచ్చిన కుక్కకే సాధారణంగా జబ్బు వస్తుంది. ఒక్క ప్రతి ఉన్న కుక్కను క్యారియర్ అంటారు. ఎక్కువ భాగం క్యారియర్లు జీవితాంతం బాగానే ఉంటాయి, కొద్దింటికి మాత్రం జబ్బు రావచ్చు. రెండు క్యారియర్లను కలిపితే పుట్టే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు అవకాశం జబ్బుకు ఉంటుంది. పెద్ద జాతిలో రెండు క్యారియర్లు ఎదురుపడటం అరుదు. 2008లో 43 పిల్లలే నమోదైన జాతిలో అందరూ అందరికీ చుట్టాలే.

ఇప్పుడు చెంప లోపల దూదిపుల్లతో రుద్ది పంపితే పరీక్ష ఫలితం వస్తుంది. క్యారియర్లన్నింటినీ పక్కన పెడితే సరిపోదా అని మీరు అడగవచ్చు. మేమూ అదే అడిగాం. అలా చేస్తే అసలే చిన్న మంద ఇంకా చిన్నదవుతుంది, దాగి ఉన్న మరో జబ్బు బయటపడుతుంది. అందుకని క్యారియర్‌ను జబ్బు జన్యువు లేని కుక్కతో మాత్రమే కలుపుతారు. అప్పుడు పుట్టే పిల్లల్లో సగం క్యారియర్లు కావచ్చు, కానీ రెండు చెడ్డ ప్రతులు ఏ పిల్లకూ రావు.

ఉత్తరం చివర సిస్టర్ గారు ఒక ప్రశ్న వేశారు. "ఇక్కడ కుక్కపిల్ల సంబంధానికి పరీక్ష కాగితం అడుగుతున్నారు. మా ఇంట్లో అన్నయ్య కూతురిని మేనమామకే ఇవ్వాలని మాట్లాడుకుంటున్నారు. నేను ఏమని చెప్పాలి?"

మేనమామ, మేనకోడలు తమ జన్యువుల్లో సుమారు నాలుగో వంతు పంచుకుంటారు. మేనబావ, మేనమరదలు ఎనిమిదో వంతు. ఏడీఏఎమ్‌టీఎస్17 జన్యువు మనుషుల్లోనూ ఉంది. దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు జరిగిన సౌదీ అరేబియా కుటుంబాల్లో ఈ జన్యువులో లోపం వల్ల లెన్సు జారడం, గ్లకోమా, పొట్టితనం వస్తున్నట్లు 2009లో తెలిసింది. మేనరికం చేసుకున్న ప్రతి జంటకూ జబ్బు పిల్లలు పుడతారని మేము అనడం లేదు. ఎక్కువమందికి ఆరోగ్యవంతులే పుడతారు. మేనబావ, మేనమరదళ్ళ జంటల్లో పుట్టుకతో వచ్చే లోపాల ప్రమాదం మామూలు కంటే సుమారు రెట్టింపు, మేనమామ సంబంధంలో ఇంకా ఎక్కువ. కుటుంబంలో పుట్టు చెవుడు, రేచీకటి, తలసీమియా ఇప్పటికే ఉంటే లెక్క వేరేగా ఉంటుంది.

అన్ని జబ్బులనూ పట్టే ఒకే రక్తపరీక్ష లేదు. అందుకే ముహూర్తం పెట్టకముందే రమ్మని ఆ కుటుంబానికి రాశాం. మూడు తరాల వంశవృక్షం కాగితం మీద వేస్తాం, దాన్ని బట్టి ఏ పరీక్ష అవసరమో చెబుతాం. వచ్చేటప్పుడు అబ్బాయిని, అమ్మాయిని మాత్రమే కాదు, ఇంట్లో అందరికంటే పెద్దావిడను కూడా తీసుకురమ్మన్నాం. పసితనంలోనే పోయిన పిల్లల సంగతి, వాళ్ళకు కళ్ళు కనబడేవా, చెవులు వినబడేవా అన్నది ఆమెకే గుర్తుంటుంది.

కుక్క ఇప్పుడు ఎడమ కంటితో దగ్గరి వస్తువులను మసకగా, మనుషులను పోల్చుకునేంతగా చూస్తోందట. మెడపట్టీ లాగితే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఛాతీకి పట్టీ కట్టి నడిపిస్తున్నారు. సోఫాల స్థానం మార్చడం మానేశారు. ఇసుక మూలలో గుంట మాత్రం రోజూ తవ్వుతూనే ఉంది.