అవెన్యూ రోడ్డు చర్చికి... నంద్యాలకు ఏం సంబంధం?

చిక్కపేట (బెంగళూరు): హిందూపురం నుంచో, మదనపల్లె నుంచో పెళ్లి బట్టలకని చిక్కపేటకు వెళ్లని ఇల్లు మన సరిహద్దు ఊళ్లలో అరుదు. చీరలు కట్టించుకుని, సంచులు మోసుకుంటూ అవెన్యూ రోడ్డు మీదికి వస్తాం. పాత పుస్తకాల అంగళ్లు, తోపుడు బళ్లు, ఆటోల మోత... ఆ సందట్లోనే ఓ చర్చి ఉంది. పేరు రైస్ మెమోరియల్. చూసీ చూడనట్టు దాటిపోతాం. ఆ చర్చి కథలో మన వాటా కూడా ఉంది మరి!

లండన్ మిషన్ వాళ్ల గుడి

బెంజమిన్ హోల్ట్ రైస్ లండన్ మిషన్ పాదిరి. కన్నడం బాగా నేర్చి, పేట పిల్లలకు బళ్లు పెట్టించిన మనిషి. 1887లో పోయారు. పాత ప్రార్థన మందిరం ఉన్న చోటే 1917లో ఇప్పటి చర్చి కట్టి ఆయన పేరు పెట్టారు. (మైసూరు శాసనాలన్నీ వెతికి అచ్చు వేయించిన బి.ఎల్.రైస్ ఈయన కొడుకే.) ఇదే లండన్ మిషన్ 1810లో బళ్లారికి, 1822లో కడపకు వచ్చింది. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆస్పత్రి కూడా వాళ్లు పెట్టిందే.

అవెన్యూ రోడ్డు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, కార్పొరేషన్ దగ్గర హడ్సన్ చర్చి ఉంది. 1904 నాటిది. అది వెస్లియన్ మెథడిస్టులది. రెండు చోట్లా కన్నడమే, చదివేది ఒకే బైబిలే. అయినా సంఘాలు వేరు. ఇక దండు వైపు దొరల చర్చిలు ఆంగ్లికన్లవి. బిషప్పు చేయి పెట్టి స్థిరపరచనివాడికి వాళ్ల దగ్గర ప్రభు బల్లలో చోటు లేదు. లండన్ మిషన్ ఊళ్లో బాప్తిస్మం తీసుకున్నవాడు బతుకుదెరువుకు ఆంగ్లికన్ల ఊరికి పోతే పరాయివాడే! ఇంగ్లండులో ఎప్పుడో వచ్చిన తగాదా. మన పల్లె రైతుకూలీకి దాంతో ఏం పని?

33 మంది... రెండు రోజులు

ఈ మాటే పట్టుకున్నారు దోర్నకల్ బిషప్పు వి.ఎస్.అజరయ్య. తిరునల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పయ్యారు. 1919 మేలో తరంగంబాడిలో 33 మంది రెండు రోజులు కూర్చున్నారు. ఇద్దరు తప్ప అందరూ మనవాళ్లే. ఒకటవుదామని ప్రకటించారు. 1927లో లోసాన్ సభలో అజరయ్య విదేశీ పెద్దల ముందే కుండబద్దలు కొట్టారు. క్రైస్తవ దేశాల్లో ఈ చీలికలు బలహీనతేమో గానీ, మా దగ్గర అది పాపం, అపకీర్తి అన్నారు.

పేచీ అంతా బిషప్పు దగ్గరే. బిషప్పు అభిషేకించని పాదిరి పాదిరే కాదని ఒకరు. మా అయ్యగార్లకు మళ్లీ అభిషేకమేంటని ఇంకొకరు. చివరికి మధ్యేమార్గం దొరికింది. ఇప్పుడున్న పాదిరులందరినీ ఉన్నవాళ్లను ఉన్నట్టే ఒప్పుకోవాలి. ఇకముందు అందరినీ బిషప్పులే అభిషేకించాలి. ఏ సంఘం మీదా అలవాటు లేని ఆరాధన రుద్దకూడదు. ఇది తేలడానికి 28 ఏళ్లు పట్టింది. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్ఐ, పుట్టింది. ప్రెస్బిటేరియన్ అయిన న్యూబిగిన్ 37 ఏళ్లకే బిషప్పయ్యారు. రైస్, హడ్సన్ చర్చిలు ఒకే గొడుగు కిందికి వచ్చాయి.

నంద్యాల మాత్రం రామంది

ఆ సంబరంలో నంద్యాల ఆంగ్లికన్లు లేరు. తమ పద్ధతి వదులుకోలేమన్నారు. కొందరు చేరారు, ఎక్కువమంది చేరలేదు. దేశానికి స్వాతంత్య్రం వచ్చిన ఏడాదే ఒకే ప్రాంతంలోని విశ్వాసులు రెండు వర్గాలయ్యారు. చేరనివాళ్లు కలకత్తా మెట్రోపాలిటన్ కిందే ఉండిపోయారు. మళ్లీ కలిసేసరికి 1970ల కాలం వచ్చింది. వాళ్లను మొండివాళ్లని కొట్టిపారేయడం తేలిక. కానీ తాతల నాటి ఆరాధన పోతుందేమోనన్న భయం చిన్నదేం కాదు. బలవంతం చేయకపోవడమే మంచిదైంది.

కాగితం మీద కలవడం ఒక ఎత్తు, కులం ఒక ఎత్తు. కడప వైపు లండన్ మిషన్‌లో ఎక్కువగా మాలలు చేరారు. ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో ఎక్కువగా మాదిగలు. ఏ మిషన్ ముందు ఏ పేటకు పోతే ఆ పేట ఆ చర్చి అయిపోయింది. పాదిరుల మధ్య గీత ఊళ్లో కులాల మధ్య గీతతో కలిసిపోయింది. బిషప్పుల లెక్క తేల్చిన పెద్దలకు ఇది అంత సులువుగా తేలలేదు. పెళ్లి సంబంధాల దగ్గరకొస్తే ఆ గీత ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

బాప్టిస్టులు 1947 కలయికలో లేరు. లూథరన్లతో 1948లో మొదలైన చర్చలు ఏళ్ల తరబడి సాగాయి. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం నేటికీ వేరుగానే ఉంది.