చిన్నారికి ఇల్లే తొలి బడి – చేతిపనులే తొలి పాఠాలు

శిశువు చదువు బడి గంటతో ఆరంభం కాదు. పలక చేతికి రాకముందే, అక్షరం కంటికి పరిచయం కాకముందే, చిన్నారి చేతులు, చెవులు, కన్నులు తమ చదువును ప్రారంభిస్తాయి. మానవుని మెదడు వికాసంలో 85 శాతానికి పైగా ఆరేళ్ల వయసు లోపే జరుగుతుందని జాతీయ విద్యా విధానం–2020 పేర్కొన్నది. అందుకే ఆ విధానం 3 నుంచి 8 సంవత్సరాల వయసును పునాది దశగా గుర్తించి, ఆ దశలో ఆటపాటలకు, చేతిపనులకు, సంభాషణకు పెద్దపీట వేసింది. ఈ కాలంలో శిశువు అత్యధిక సమయం గడిపేది ఇంటిలోనే గనుక, ఈ పునాది పడవలసినది కూడా ప్రధానంగా ఇంటి ముంగిటనే.

కడప జిల్లాలోని ముద్దనూరు పరిసరాలు నల్లరేగడి పొలాలకు, శనగ పంటకు, నాపరాళ్లకు ప్రసిద్ధి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల గ్రామాలలో తల్లిదండ్రులు పొలం పనులకు, పాలిషింగు కర్మాగారాలకు, సిమెంటు కర్మాగారాలకు, థర్మల్ విద్యుత్ కేంద్రానికి వెళ్లగా, పసిపిల్లలను కనిపెట్టుకుని ఉండేది అనేక ఇళ్లలో అవ్వాతాతలే. చదువు రాని తాము పిల్లలకు ఏమి నేర్పగలమన్న సంకోచం అటువంటి పెద్దలలో సహజం. మూడేళ్లకే అక్షరాలు రాయకుంటే బిడ్డ వెనుకబడిపోతాడేమోనన్న ఆందోళన తల్లిదండ్రులలో మరొకటి. ఈ రెండింటి నడుమ, ఏడ్చే బిడ్డ చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి ఊరుకోబెట్టడం పరిపాటి అవుతున్నది. అయితే తొలి ప్రాయంలో శిశువుకు కావలసిన చదువులో అత్యధిక భాగం, అక్షరజ్ఞానం లేని అవ్వ సైతం చెప్పగలిగినదేనన్న వాస్తవాన్ని ప్రతి కుటుంబం గ్రహించవలసి ఉన్నది.

చేయి ముందు – అక్షరం తరువాత

పెద్దవారి మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. శిశువు జన్మించినప్పుడు అవి ఇంకా గట్టిపడని మృదులాస్థి రూపంలోనే ఉండి, ఏళ్లు గడిచే కొద్దీ ఒకదాని తరువాత ఒకటిగా ఎముకలుగా మారుతాయి. వేళ్ల కండరాల పట్టు కూడా క్రమక్రమంగానే ఏర్పడుతుంది. సాధారణంగా మూడేళ్ల ప్రాయంలో శిశువు గుండ్రని గీతను చూసి గీయగలుగుతాడు. నాలుగేళ్లకు కూడిక గుర్తును, ఐదేళ్ల ప్రాయానికి చతురస్రాన్ని గీయగలుగుతాడు. వంపులు, సున్నలు, తలకట్లు, కొమ్ములు గల తెలుగు అక్షరం ఇంతకంటే క్లిష్టమైనది. గుండ్రని గీతను గీయడమే అప్పుడప్పుడే నేర్చుకుంటున్న చేతితో పుటల కొద్దీ అక్షరాలు దిద్దించినందువల్ల చేయి నొవ్వడం, చదువు పట్ల విముఖత కలగడం తప్ప ప్రయోజనం స్వల్పం.

ఆ చేతికి బలమిచ్చే పనులు ఇంటిలోనే అనేకం ఉన్నాయి. జొన్నరొట్టె చేసే వేళ ఒక చిన్న పిండి ముద్దను బిడ్డకు ఇస్తే, దానిని పిసికి, గుండ్రంగా చేసి, అరచేతితో తట్టడంలో వేళ్లన్నీ పనిచేస్తాయి. చిక్కుడుకాయల నార తీయడం, వేరుశనగ కాయలు ఒలవడం, తడి గుడ్డను పిండడం, గరిటెతో ఒక గిన్నెలోని నీటిని మరొక గిన్నెలోకి పోయడం వంటి పనులన్నీ రేపు బలపాన్ని సరిగా పట్టుకునేందుకు నేడు చేసే సాధనలే. ఈ పనిని బిడ్డ చక్కగా చేయనక్కరలేదు, చేయడమే ముఖ్యం.

వంటింటిలో గణితం

లెక్క అంటే అంకెలను వల్లించడమేనన్న భావన సరైనది కాదు. ఒకటి నుంచి ఇరవై వరకు గుక్క తిప్పుకోకుండా చెప్పే చిన్నారి, ఐదు చింతగింజలు తెమ్మంటే ఏడు తేవచ్చు. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క అంకె అన్న అవగాహన చేతితో లెక్కించినప్పుడే కలుగుతుంది. భోజన సమయంలో ఇంటిల్లిపాదికి తలా ఒక పళ్లెం, పళ్లానికి ఒక గ్లాసు పెట్టమనడం ఇందుకు సులువైన మార్గం. ఒక గ్లాసు తక్కువైతే ఆ లోటును బిడ్డే కనిపెడతాడు. తీసివేతకు ఇదే తొలి పాఠం.

చేటలో శనగలు, కందులు, పెసలు కలిపి, వాటిని వేరుచేయమంటే పోలికలు, తేడాలు గుర్తించే శక్తి పెరుగుతుంది. వర్గీకరణ అనే శాస్త్రీయ ప్రక్రియకు మూలం ఇదే. చిన్న లోటాతో ఎన్నిసార్లు పోస్తే చెంబు నిండుతుందో ముందుగా ఊహించమని, తరువాత పోసి చూడమని చెబితే కొలతల భావన ఏర్పడుతుంది. అచ్చనగాయలు, వామనగుంటలు, పులి–మేక వంటి సంప్రదాయ క్రీడలు సైతం లెక్కను, ముందుచూపును, వంతు వచ్చేవరకు ఓపిక పట్టడాన్ని నేర్పేవే. ఈ ఆటలలో అవ్వాతాతలను మించిన ఉపాధ్యాయులు లేరు.

మట్టి ఎద్దు, నాపరాతి పలక

బంకమట్టితో బొమ్మలు చేయడం పిల్లలకు ఎనలేని ఉత్సాహాన్నిస్తుంది. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో మట్టి ఎద్దుల అమావాస్యనాడు మట్టితో ఎద్దులను చేసి పూజించే ఆచారం ఉన్నది. అటువంటి ఎద్దును నల్లరేగడి మట్టితో చేసి ఎండబెడితే అది బీటలు వారుతుంది. నీటిని పీల్చుకుని ఉబ్బడం, ఎండినప్పుడు కుంచించుకుపోవడం నల్లరేగడి స్వభావం. వేసవిలో పొలాలు నెర్రెలు విచ్చడానికి కారణం కూడా ఇదే. ఎద్దు ఎందుకు పగిలిందని బిడ్డ అడిగినప్పుడు పొలంలోని నెర్రెను చూపి, మరుసటి రోజు మట్టిలో కొంత ఇసుక కలిపి మరొక ఎద్దును చేయించాలి. బీటలు తగ్గడాన్ని గమనించిన చిన్నారి, ఎవరూ చెప్పకుండానే కార్యకారణ సంబంధాన్ని నేర్చుకుంటాడు. జొన్నదంటు లోపలి బెండును ముక్కలుగా చేసి, పుల్లలు గుచ్చి బండ్లు కట్టడం పల్లెలకు తెలిసిన మరొక కళ. దంటు పైచెక్క చురుకుగా ఉండి చేయి కోసే ప్రమాదం ఉన్నందున దానిని పెద్దలే ఒలిచి ఇవ్వాలి.

ఈ ప్రాంతపు ఇళ్లలో పరచిన నాపరాతి బండలే అతి పెద్ద పలకలు. ముదురు రంగు బండపై సుద్దముక్కతో గీసిన గీత స్పష్టంగా కనిపిస్తుంది, తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. విశాలమైన నేలపై బిడ్డ భుజం నుంచి చేతిని కదిపి పెద్ద గీతలు గీస్తాడు. చిన్న పుస్తకంలో వేళ్లను బిగించి రాయడానికి ముందు ఈ స్వేచ్ఛ అవసరం. ఉదయం వాకిట ముగ్గు పెట్టే సమయంలో పక్కనే వరుసకు మూడు చొప్పున మూడు వరుసల చుక్కలు పెట్టి, నాలుగైదేళ్ల పిల్లలతో వాటిని కలిపించవచ్చు. చుక్కలను లెక్కించడం, రెండు వైపులా సమంగా గీయడం, గీతను మొదలైన చోటికే తెచ్చి ముగించడం అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి.

కాగితం, రంగు, జిగురు

చేతిపనుల సామగ్రికి డబ్బు వెచ్చించనవసరం లేదు. పాత శుభలేఖలు, క్యాలెండర్లు, వార్తాపత్రికలు, అగ్గిపెట్టెలు చాలును. క్యాలెండరు బొమ్మను నాలుగు ముక్కలుగా కత్తిరించి, తిరిగి కూర్చమనవచ్చు. అలవాటైన కొద్దీ ముక్కల సంఖ్యను పెంచవచ్చు. మైదాపిండిని నీటిలో ఉడికించినా, చిక్కని గంజి అయినా మంచి జిగురుగా పనికివస్తుంది.

పసుపుతో చేయదగిన ఒక కృత్యం పిల్లలను అబ్బురపరుస్తుంది. పసుపు కలిపిన నీటిని తెల్లకాగితానికి పూసి ఆరనిచ్చి, సబ్బునీటిలో ముంచిన పుల్లతో దానిపై గీస్తే గీత ఎర్రగా మారుతుంది. ఆ గీతపై నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు రంగు వస్తుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే అవ్వకు ఈ మార్పు చిరపరిచితమే. అయితే సున్నం చర్మానికి, కంటికి హాని చేస్తుంది గనుక పిల్లలకు ఇవ్వరాదు.

కథ, మాట, తోలుబొమ్మ

చేతిపని ఎంత అవసరమో, ఆ సమయంలో సాగే మాట కూడా అంతే అవసరం. మౌనంగా మట్టి ముందు కూర్చోబెట్టడం కంటే, ఏమి చేస్తున్నావు, ఎద్దుకు కొమ్ములు ఎక్కడ పెడతావు, తరువాత ఏమవుతుంది అని అడుగుతూ ఉంటే బిడ్డకు కొత్త పదాలు, వాక్యాలు అలవడుతాయి. అడిగిన వెంటనే తామే జవాబు చెప్పక, బిడ్డ ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి. ఈ సంభాషణ ఇంటి భాషలోనే జరగాలి. తెలుగు మాట్లాడే ఇంట తెలుగులో, ఉర్దూ మాట్లాడే ఇంట ఉర్దూలో మాట్లాడితే సరిపోతుంది. వీలైనంతవరకు కనీసం 5వ తరగతి వరకు ఇంటి భాషలోనే బోధన ఉండాలని జాతీయ విద్యా విధానం సూచించడం గమనార్హం.

పొరుగున ఉన్న రాయలసీమ గ్రామం నిమ్మలకుంట తోలుబొమ్మల కళకు పేరుగాంచినది. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆ కళను ఇంటిలో చిన్న రూపంలో అనుకరించవచ్చు. అట్టముక్కతో కోడిని, కుక్కను కత్తిరించి పుల్లకు అతికించి, పలుచని తెల్లపంచె వెనుక టార్చిలైటు వేసి ఆడిస్తే నీడలు కదులుతాయి. బొమ్మను దీపం దగ్గరకు జరిపితే నీడ పెద్దదవుతుందని చిన్నారి తానే కనుగొంటాడు. నలుగురి ముందు నోరు విప్పని పిల్లలు సైతం బొమ్మ చాటున ధైర్యంగా మాట్లాడతారు.

విద్యావేత్తలు చూపిన బాట

ఈ పద్ధతులకు విద్యారంగంలో ఘనమైన చరిత్ర ఉన్నది. జర్మనీకి చెందిన ఫ్రోబెల్ 1840లో తన శిశు విద్యాలయానికి కిండర్‌గార్టెన్ అని నామకరణం చేసి, ఆటవస్తువులనే బోధనా సాధనాలుగా మలిచారు. 1907లో రోమ్ నగరంలో శిశు గృహాన్ని ప్రారంభించిన మరియా మాంటిస్సోరి, గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పిల్లలతో వేలితో తడిమించేవారు. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలితో రాయించే తెలుగువారి ఆచారానికి ఇది ఎంతో దగ్గరగా ఉన్నది. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి మన దేశంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. న్యాయవాద వృత్తిని వదిలి ఉపాధ్యాయుడైన గిజూభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరాన్ని నెలకొల్పి, బెత్తం లేని, భయం లేని శిశు విద్యకు బాట వేశారు. వాడి పారవేసిన వస్తువులతో ఆటబొమ్మలు చేసి విజ్ఞానాన్ని బోధించిన అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ లభించింది.

తీసుకోవలసిన జాగ్రత్తలు

మూడేళ్ల లోపు పిల్లలకు గింజలు, గోలీలు, పూసలు, గుండీలు ఇవ్వరాదు. అవి గొంతులో అడ్డుపడి ప్రాణాపాయం కలిగించవచ్చు. ఆపై వయసు వారు కూడా గింజలతో ఆడేటప్పుడు పెద్దలు పక్కనే ఉండాలి. ముక్కులో గింజ ఇరుక్కుంటే పిన్నుతోనో పుల్లతోనో తీయబూనక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఎర్రగా, నల్లని మచ్చతో ఆకర్షించే గురివింద గింజలు, ఆముదపు గింజలు, గన్నేరు, ఉమ్మెత్త కాయలు విషపూరితమైనవి. వీటిని ఏ వయసు పిల్లలకూ ఆటవస్తువులుగా ఇవ్వరాదు. జిల్లేడు పాలు కంటిలో పడితే చూపుకు ప్రమాదం. ఆటబొమ్మలలోని గుండీ ఆకారపు బ్యాటరీని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికకు తీవ్రమైన గాయం కావచ్చు గనుక క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తరలించాలి. కత్తెరను నాలుగేళ్ల ప్రాయం నుంచి, మొన మొద్దుగా ఉన్నదానినే, పెద్దల ఎదుటనే వాడనివ్వాలి. మట్టి పని ముగిసిన వెంటనే సబ్బుతో చేతులు కడిగించాలి.

రెండేళ్లు నిండని శిశువులను సెల్‌ఫోన్, టెలివిజన్ తెరల ముందు అసలు కూర్చోబెట్టరాదని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు ఒక గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆ గంట కూడా ఎంత తగ్గితే అంత మేలని పేర్కొన్నది.

అంగన్‌వాడీతో చేయి కలిపి

ఇంటి కృషికి అంగన్‌వాడీ కేంద్రం తోడు నిలుస్తుంది. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో పోషకాహారంతో పాటు 3 నుంచి 6 సంవత్సరాల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య కూడా భాగం. పుట్టిన నాటి నుంచి మూడేళ్ల వరకు ఇంటిలో, కేంద్రంలో చేయించదగిన 140 కృత్యాలతో ‘నవచేతన’ అనే మార్గదర్శిని, మూడు నుంచి ఆరేళ్ల వారి కోసం ‘ఆధారశిల’ అనే పాఠ్య ప్రణాళికను కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2024లో విడుదల చేసింది. బిడ్డ పిలిస్తే పలకకపోయినా, వయసుకు తగిన మాటలు రాకపోయినా, ఒక చేతినే వాడుతూ రెండవ చేతిని కదపకపోయినా పెరిగితే అదే వస్తుందని ఉపేక్షించక, అంగన్‌వాడీ కార్యకర్తకు గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ తెలియజేయాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇటువంటి లోపాలను గుర్తించి చికిత్సకు పంపే ఏర్పాటు ఉన్నది.

రోజుకు ఇరవై నిమిషాలు, ఒక చేట, ఒక సుద్దముక్క, పిడికెడు మట్టి, పక్కన కూర్చుని మాట్లాడే ఒక పెద్దమనిషి – చిన్నారి తొలి బడికి ఇంతకు మించిన సౌకర్యాలు అవసరం లేదు. సాయంత్రం పని నుంచి తిరిగి వచ్చిన తండ్రి సైతం ఈ ఇరవై నిమిషాలలో పాలుపంచుకోవాలి. బిడ్డ చేసిన వంకర కొమ్ముల ఎద్దును పారవేయక గూటిలో ఉంచితే, తన పనికి విలువ ఉన్నదని ఆ పసి మనసు గ్రహిస్తుంది. అక్షరం రాని అవ్వ ఒడిలో మాటను, లెక్కను, ఓపికను నేర్చిన చిన్నారి రేపు బడి గడప తొక్కే వేళ రిక్తహస్తాలతో వెళ్లడు. ఈ విశ్వాసంతో ప్రతి కుటుంబం తన ముంగిటిని తొలి బడిగా తీర్చిదిద్దుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.