భాగం 9 : చలికాలంలో, అనారోగ్యంలో పరుగు సాధన కొనసాగింపు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు :

• కర్నూలు, కడప ప్రాంతాల్లో చలికాలం పరుగు సాధనపై చూపే ప్రభావాన్ని వివరించగలుగుతారు.
• సాధన ఆగినప్పుడు శరీర సామర్థ్యంలో కలిగే మార్పులను చెప్పగలుగుతారు.
• ఏ అనారోగ్యంలో తేలికగా పరుగెత్తవచ్చో, ఏ అనారోగ్యంలో పూర్తిగా ఆపాలో నిర్ణయించుకోగలుగుతారు.
• జ్వరం తగ్గిన తరువాత సాధనను దశలవారీగా మొదలుపెట్టే ప్రణాళికను తయారు చేసుకోగలుగుతారు.

9.1 ప్రస్తావన

దూరం, వేగం, విశ్రాంతి అనే మూడు అంశాలను కలిపి వారపు సాధన పట్టికను ఎలా తయారు చేసుకోవాలో గత భాగంలో తెలుసుకున్నారు. ఆ పట్టిక కాగితం మీద ఉన్నంత సాఫీగా మైదానంలో సాగదు. తుపాను వానలు పడతాయి, పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది, జలుబు చేస్తుంది, జ్వరం వస్తుంది. ఇలాంటి అంతరాయాల మధ్య సాధనను నిలబెట్టుకోవడం ఎలాగో ఈ భాగంలో తెలుసుకుందాం.

ఇది మన ప్రాంతంలో కొందరికి ఉద్యోగంతో ముడిపడిన విషయం. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కానిస్టేబుల్ నియామకాలకు 2022 నవంబరు 28న ప్రకటన వెలువడింది. ప్రాథమిక రాత పరీక్ష 2023 జనవరి 22న జరిగింది. అందులో అర్హత పొందిన 95 వేల మందికి పైగా అభ్యర్థులు దేహదారుఢ్య పరీక్షల కోసం దాదాపు రెండేళ్లు ఎదురుచూశారు. చివరకు ఆ పరీక్షలు 2024 డిసెంబరు 30న మొదలయ్యాయి. అంటే సాధనను రెండేళ్లపాటు నిలుపుకోవలసి వచ్చింది, పరీక్ష సరిగ్గా చలికాలం నడుమ వచ్చింది.

ఈ పరీక్షలో 1600 మీటర్ల పరుగును పురుషులు 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. 400 మీటర్ల మైదానంలో ఇది నాలుగు చుట్లు. పురుషులకు చుట్టుకు 2 నిమిషాలు, మహిళలకు 2 నిమిషాల 37 సెకన్లు పడుతుంది. సైన్యంలో అగ్నివీర్ ఎంపికకు ఇదే దూరాన్ని 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేసినవారికి పూర్తి మార్కులు వస్తాయి. ఒక్క వారం జ్వరం ఈ సెకన్లను ఎంతవరకు మారుస్తుందో ముందు ముందు లెక్కవేసి చూద్దాం.

9.2 మన ప్రాంతపు చలికాలం

చలికాలం అనగానే మంచు కురిసే దేశాలు గుర్తుకు వస్తాయి. మన చలికాలం అలాంటిది కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో కర్నూలులో పగటి ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలు, తెల్లవారుజామున సుమారు 17 డిగ్రీలు ఉంటుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండతో పోలిస్తే పరుగుకు ఇది అనుకూలమైన కాలం. దూరాన్ని, వేగాన్ని పెంచుకోవడానికి సంవత్సరంలో ఇంతకన్నా మంచి నెలలు లేవు. అయితే ఈ కాలానికి నాలుగు చిక్కులున్నాయి.

(అ) ఈశాన్య రుతుపవనాల వానలు : అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలోని అల్పపీడనాల వల్ల కడప జిల్లాలో ఎక్కువగా, కర్నూలులో తక్కువగా వానలు పడతాయి. 2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది ఇలాంటి వానల్లోనే. నల్లరేగడి నేల తడిస్తే బంకమట్టి కాలికి అంటుకొని అడుగు జారుతుంది, మడమ మెలితిరుగుతుంది. అటువంటి రోజుల్లో పొలం దారిని, కె.సి. కాలువ గట్టును వదిలి గట్టి నేల ఉన్న చోటుకు మారండి. అదీ లేకపోతే ఇంట్లోనే 25 నిమిషాలు మెట్లు ఎక్కి దిగడం, తాడాట, నిలుచున్న చోటనే పరుగు చేయండి.

(ఆ) ఆలస్యంగా తెల్లవారడం : జూన్‌లో కర్నూలులో సూర్యోదయం సుమారు 5-45 గంటలకు అవుతుంది. జనవరిలో 6-45 గంటలు దాటుతుంది. వేసవిలో 5-30కి పరుగు మొదలుపెట్టినవారు చలికాలంలోనూ అదే వేళకు బయలుదేరితే చీకట్లో రోడ్డు మీద ఉంటారు. పొగమంచు ఉన్న రోజు 40వ నంబరు జాతీయ రహదారి వంటి రోడ్ల అంచున పరుగెత్తడం ప్రాణాంతకం. మైదానం అందుబాటులో లేకపోతే తెల్లచొక్కా వేసుకొని, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా రోడ్డుకు కుడివైపున పరుగెత్తండి. సాధనను సాయంత్రం 5 గంటలకు మార్చుకోవడం మరింత మేలు. అయితే దేహదారుఢ్య పరీక్షలు ఉదయాన్నే మొదలవుతాయి. కనుక పరీక్షకు ముందు రెండు వారాలు మాత్రం ఉదయపు సాధనకు శరీరాన్ని అలవాటు చేయాలి.

(ఇ) చల్లని పొడిగాలి, దుమ్ము, పొగ : కోతల తరువాత కొయ్యకాళ్లు తగలబెట్టే పొగ, ఎర్రగుంట్ల, బేతంచెర్ల వంటి చోట్ల రాతి దుమ్ము తెల్లవారుజామున నేలకు దగ్గరగా నిలిచి ఉంటాయి. ఉబ్బసం ఉన్నవారికి చల్లని పొడిగాలి పిల్లికూతలు తెప్పిస్తుంది. అటువంటివారు ఎండ వచ్చిన తరువాతే పరుగెత్తాలి. డాక్టరు రాసిన ఇన్‌హేలరును దగ్గర ఉంచుకోవాలి.

(ఈ) బిగుసుకున్న కండరాలు, తెలియని దాహం : చలిలో కండరాలు వేడెక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది. వేసవిలో 5 నిమిషాల సన్నాహం చాలితే చలికాలంలో 12 నుంచి 15 నిమిషాలు కావాలి. మొదట నడక, తరువాత నెమ్మది పరుగు, ఆ తరువాత కాళ్లను ఊపే వ్యాయామాలు చేయండి. దాహం వేయకపోయినా చెమట పడుతూనే ఉంటుంది కనుక పరుగు తరువాత నీళ్లు తాగడం మానకండి. తడిసిన బనియను వెంటనే మార్చుకోండి.

9.3 సాధన ఆగితే ఏమవుతుంది?

పరుగులో ఓర్పుకు ప్రధానమైన కొలత గరిష్ఠ ప్రాణవాయు వినియోగ సామర్థ్యం. అంటే తీవ్రంగా శ్రమించేటప్పుడు శరీరం నిమిషానికి వాడుకోగల ప్రాణవాయువు పరిమాణం. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోయిల్, ఆయన సహచరులు 1984లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, బాగా సాధన చేసినవారు పరుగును పూర్తిగా మానేస్తే ఈ సామర్థ్యం మొదటి మూడు వారాల్లో సుమారు 7 శాతం, ఎనిమిది వారాలకు సుమారు 16 శాతం తగ్గింది. మొదట తగ్గేది రక్త పరిమాణం. దానితో గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం తగ్గుతుంది.

ఉదాహరణ : ఒక అభ్యర్థి 1600 మీటర్లను 7 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేస్తున్నాడు. అతని వేగం సెకనుకు 3.56 మీటర్లు. మూడు వారాలు సాధన లేక వేగం 7 శాతం తగ్గిందనుకుందాం. కొత్త వేగం సెకనుకు సుమారు 3.31 మీటర్లు. అప్పుడు పట్టే సమయం 8 నిమిషాల 4 సెకన్లు. అంటే 4 సెకన్ల తేడాతో అర్హత పోతుంది. అదే 7 నిమిషాల్లో పరుగెత్తగల అభ్యర్థికి అంతే నష్టం జరిగినా 7 నిమిషాల 32 సెకన్లలో గట్టెక్కుతాడు. సామర్థ్యం తగ్గినంత శాతమే వేగం కూడా తగ్గుతుందన్న నియమం లేదు కనుక ఇది స్థూలమైన లెక్క మాత్రమే. దీని నుంచి గ్రహించవలసింది ఒకటే : అర్హత సమయానికి కనీసం అర నిమిషం తక్కువలో పూర్తి చేసేలా ముందే సిద్ధపడాలి. ఆ మిగులే అనారోగ్యం వచ్చినప్పుడు ఆదుకుంటుంది.

ఇందులో ఊరట కలిగించే సంగతి కూడా ఉంది. వారం లోపు విరామం వల్ల జరిగే నష్టం స్వల్పం. అంతేకాక రాబర్ట్ హిక్సన్ బృందం 1980 దశకంలో జరిపిన పరిశోధనల్లో, వారానికి ఆరు రోజుల సాధనను రెండు రోజులకు తగ్గించినా 15 వారాలపాటు ప్రాణవాయు సామర్థ్యం నిలిచింది. అయితే సాధన తీవ్రతను తగ్గించనంతవరకే అలా నిలిచింది. అంటే వానల వల్ల వారంలో నాలుగు రోజులు పోయినా, మిగిలిన రెండు రోజులు వేగంగా పరుగెత్తగలిగితే పెద్దగా నష్టపోరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1. సాధన ఆగిన తొలి రోజుల్లో శరీరంలో మొదట తగ్గేది ఏది?
2. రోజులు తగ్గించుకోవలసి వచ్చినప్పుడు దేనిని తగ్గించకూడదు?

9.4 అనారోగ్యంలో నిర్ణయం

అనారోగ్యంలో పరుగెత్తాలా, ఆపాలా అన్న ప్రశ్నకు క్రీడా వైద్యులు చెప్పే సులువైన గుర్తు మెడ.

మెడకు పైన మాత్రమే లక్షణాలుంటే : ముక్కు కారడం, తుమ్ములు, కొద్దిపాటి గొంతు గరగర ఉండి జ్వరం లేకపోతే 10 నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి చూడండి. తేలికగా అనిపిస్తే మరో 15 నిమిషాలు కొనసాగించవచ్చు. తల బరువెక్కితే నడిచి ఇంటికి వెళ్లండి. వేగపు చుట్లు మాత్రం వద్దు.

మెడకు కింద లక్షణాలుంటే : జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో దగ్గు, వాంతులు, విరేచనాలు ఉంటే పరుగు పూర్తిగా ఆపాలి. జ్వరంలో శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి సుమారు 10 సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది. దానిపై పరుగు భారం తోడవుతుంది. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి. ఆ స్థితిలో తీవ్రంగా పరుగెత్తితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. జ్వరం మాత్ర వేసుకొని మైదానానికి వెళ్లడం ఇందుకే ప్రమాదకరం. మాత్ర ఉష్ణోగ్రతను దించుతుంది, గుండెకు పట్టిన జబ్బును తగ్గించదు.

వెంటనే డాక్టరును కలవవలసిన సందర్భాలు : ఛాతీ నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం, ఊపిరి ఆడకపోవడం, రెండు వారాలకు మించిన దగ్గు (క్షయ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం), రెండు రోజులు దాటిన జ్వరం.

వానల తరువాత డెంగీ ఎక్కువగా కనిపిస్తుంది. దానిని వ్యాపింపజేసే ఏడిస్ దోమ పగటిపూట, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం కుడుతుంది. అవి మీరు సాధన చేసే వేళలే. మైదానం పక్కన నీరు నిలిచి ఉంటే కాళ్లు కప్పే దుస్తులు వేసుకోండి. డెంగీలో జ్వరం తగ్గే రోజులే ప్రమాదకరమైనవని గుర్తుంచుకోండి. జ్వరం పోయిందని మైదానానికి పరుగెత్తకూడదు. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వాడకూడదు. రక్తస్రావం కలిగే ప్రమాదం ఉంది.

పరీక్ష రోజునే జ్వరం వస్తే? ఇది కష్టమైన ప్రశ్న. మళ్లీ ప్రకటన వస్తుందిలే అని ఇతరులు చెప్పడం తేలిక. వయోపరిమితి దగ్గరపడినవారికి, ఇంటి బాధ్యత మోస్తున్నవారికి అది చిన్న నష్టం కాదు. అయినా జ్వరంతో పరుగెత్తడం వల్ల ఉద్యోగం వచ్చే అవకాశం తక్కువ, ప్రాణానికి ముప్పు ఎక్కువ. ప్రభుత్వ డాక్టరు ధ్రువపత్రం తీసుకొని, మరో తేదీ కోసం అధికారులకు రాతపూర్వకంగా విన్నవించండి. అనుమతి రాకపోయినా విన్నపం చేయడం మీ హక్కు. మైదానంలో దిగినవారు ఛాతీలో నొప్పి లేదా కళ్లు బైర్లు కమ్మడం గమనిస్తే ఆ క్షణమే ఆగాలి.

9.5 తిరిగి మొదలుపెట్టడం

రెండు నియమాలు పాటించండి. మొదటిది, మాత్ర లేకుండా జ్వరం రాని రోజులు కనీసం రెండు గడవాలి. రెండవది, ఉదయం పడకపై నుంచి లేవకముందే నాడిని చూసుకోవాలి. మామూలు కన్నా నిమిషానికి 10 ఎక్కువ ఉంటే ఆ రోజు విశ్రాంతి తీసుకోవాలి. మామూలు నాడి ఎంతో తెలియాలంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడే వారం రోజులు రాసిపెట్టుకోవాలి.

ఉదాహరణ : పరీక్ష జనవరి 20న ఉంది. డిసెంబరు 22 నుంచి 25 వరకు సాధారణ వైరల్ జ్వరం వచ్చింది.

డిసెంబరు 26-27 : విశ్రాంతి
డిసెంబరు 28-29 : 20 నుంచి 30 నిమిషాల నడక
డిసెంబరు 30 - జనవరి 2 : నడక, నెమ్మది పరుగు కలిపి 25 నిమిషాలు
జనవరి 3-8 : ఆగకుండా 3 నుంచి 5 కిలోమీటర్ల నెమ్మది పరుగు, ఒక రోజు విరామం
జనవరి 9-13 : రోజు విడిచి రోజు 400 మీటర్ల వేగపు చుట్లు మూడేసి
జనవరి 14-16 : సంక్రాంతికి ఊరు వెళ్లినా రోజూ 20 నిమిషాల పరుగు
జనవరి 17 : 1600 మీటర్లు, పూర్తి వేగం కన్నా కొంచెం తక్కువగా
జనవరి 18-19 : నడక, తేలికపాటి వ్యాయామం

ఏ దశలోనైనా నీరసం, దగ్గు తిరిగి వస్తే ముందు దశకు వెళ్లండి. డెంగీ, టైఫాయిడ్, న్యుమోనియా నుంచి కోలుకున్నవారికి ఈ పట్టిక వర్తించదు. వారు డాక్టరు అనుమతితోనే మొదలుపెట్టాలి. పోయిన రోజులను ఒకే వారంలో పూరించాలనుకోవడం తగదు. 1987 లాస్ ఏంజిలిస్ మారథాన్ తరువాత డేవిడ్ నీమన్ బృందం పరిశీలించగా, పరుగెత్తినవారిలో 12.9 శాతం మంది మరుసటి వారంలో జబ్బుపడ్డారు. సాధన చేసి కూడా ఆ పోటీలో పరుగెత్తనివారిలో జబ్బుపడింది 2.2 శాతమే. అతిశ్రమ వల్ల రోగనిరోధక శక్తి తగ్గుతుందనడానికి దీనిని ఉదాహరణగా చెబుతారు.

ఆహారం విషయంలో ఖరీదైన పొడులు అవసరం లేదు. రాగిసంగటి, జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, చెనిక్కాయలు, ఆకుకూరలు చాలు. రాత్రి చదువుకొని తెల్లవారుజామున పరుగెత్తేవారు 7 గంటల నిద్ర తగ్గకుండా చూసుకోవాలి.

9.6 సారాంశం

రాయలసీమ చలికాలం పరుగుకు అనుకూలమైనది. వాన, చీకటి, పొడిగాలి, బిగుసుకున్న కండరాలు అనే చిక్కులకు స్థలాన్ని, వేళను, సన్నాహాన్ని మార్చుకోవడం పరిష్కారం. వారం లోపు విరామం వల్ల నష్టం స్వల్పం. మూడు వారాల విరామం అర్హతనే దెబ్బతీయవచ్చు. జ్వరం ఉన్నప్పుడు పరుగు ఆపడం, తగ్గిన తరువాత దశలవారీగా మొదలుపెట్టడం సాధనలో భాగమే.

9.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు

1. రక్త పరిమాణం. 2. సాధన తీవ్రత.

9.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. చలికాలంలో మీ ఊరిలో పరుగు సాధనకు ఎదురయ్యే ఇబ్బందులను, వాటి పరిష్కారాలను వివరించండి.
2. అనారోగ్యం తరువాత సాధన పునఃప్రారంభ దశలను ఉదాహరణతో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. జ్వరం మాత్ర వేసుకొని పరుగెత్తడం ఎందుకు ప్రమాదకరం?
2. 1600 మీటర్లను 9 నిమిషాల 50 సెకన్లలో పూర్తి చేసే అభ్యర్థిని వేగం 7 శాతం తగ్గితే 10 నిమిషాల 30 సెకన్ల గడువును అందుకోగలదా? లెక్కవేసి చూపండి.