గేటు దాటిన తరువాత కార్మికుని భద్రత ఎవరి బాధ్యత?

జంషెడ్‌పూర్: కర్మాగారం లోపల శిరస్త్రాణం లేనిదే అడుగు పెట్టనివ్వని ఉక్కు నగరంలో, గేటు దాటిన మరుక్షణం కార్మికుడు తన ప్రాణానికి తానే పూచీ పడవలసి వస్తోంది. టాటా మోటార్స్ కర్మాగారానికి, టెల్కో కాలనీకి చేరువలో ఉన్న గోవింద్‌పూర్ వంటి నివాస ప్రాంతాలలో షిఫ్టు మారే వేళ సైకిళ్లు, మోటారు సైకిళ్లు, ఆటోలు భారీ లారీలతో కలిసి ఒకే రోడ్డును పంచుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరలివచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది నిత్యానుభవమే.

కార్మిక సంక్షేమంలో జంషెడ్‌పూర్‌కు ఘనమైన చరిత్ర ఉంది. ఇక్కడి టాటా ఉక్కు సంస్థ 1912లోనే ఎనిమిది గంటల పని దినాన్ని అమలు చేసింది. దేశంలో కార్మిక నష్టపరిహార చట్టం 1923లో రాగా, అంతకు మూడేళ్ల ముందే, 1920లో, ప్రమాద పరిహార పథకాన్ని ప్రవేశపెట్టింది. అయితే ఆనాటి ప్రమాదం యంత్రం వద్ద పొంచి ఉండేది. నేడు అది రోడ్డు మీదికి వచ్చింది.

ఏటా లక్షన్నరకు పైగా బలి

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. మృతులలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. హెల్మెట్ ధరించని కారణంగా మరణించినవారు 50,029 మంది కాగా, వారిలో 14,337 మంది వెనుక సీటులో కూర్చున్నవారు కావడం గమనార్హం. ద్విచక్ర వాహనమే ప్రధాన సాధనమైన కార్మిక వాడలకు ఈ అంకెలు నేరుగా వర్తిస్తాయి.

మారిన చట్టం

ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం యజమానికి సంబంధించినదా, కాదా అన్న వివాదం దశాబ్దాల పాటు న్యాయస్థానాలలో నలిగింది. 2010లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టాన్ని సవరించి, ఉద్యోగంతో సంబంధం రుజువైతే అటువంటి ప్రమాదాన్ని విధి నిర్వహణలో జరిగినదిగానే పరిగణించాలని నిర్దేశించారు. మహారాష్ట్రలోని ఒక చక్కెర కర్మాగారపు కాపలాదారు 2003లో తెల్లవారుజామున విధులకు వస్తూ దారిలో మరణించగా, ఆ కుటుంబానికి పరిహారం చెల్లించవలసిందేనని సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెప్పింది. తుది తీర్పు కోసం ఆ కుటుంబం ఇరవై రెండేళ్లు వేచి ఉండవలసి వచ్చింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా రాకపోకల ప్రమాదాలకు పరిహారాన్ని గుర్తించింది.

పరిహారం పోయిన ప్రాణాన్ని తిరిగి తేలేదు. ప్రమాదాన్ని ముందుగానే నివారించే కార్యక్రమం సంస్థలకు అవసరమయ్యేది ఇక్కడే.

లెక్కతోనే ఆరంభం

రోడ్డు భద్రతా వారోత్సవాలలో గోడపత్రాలు అంటించి, ప్రతిజ్ఞ చేయించి ఊరుకుంటే ప్రయోజనం స్వల్పమే. ఉద్యోగులు ఏ దారిన, ఏ వేళ, ఏ వాహనంపై వస్తున్నారో నమోదు చేయడం తొలి మెట్టు. గేటు వెలుపలి ప్రమాదాలను, తృటిలో తప్పిన ప్రమాదాలను కూడా రికార్డు చేయాలి. చెప్పినవారిని శిక్షించబోమన్న హామీ ఉంటేనే నిజాలు బయటికి వస్తాయి. ప్రమాదకరమైన మలుపు ఏదో, వెలుగు లేని కూడలి ఏదో అప్పుడే తేలుతుంది. ఆ వివరాలతో జిల్లా యంత్రాంగాన్ని, పోలీసులను ఆశ్రయించవచ్చు.

రెండవది, సంస్థ తన నిబంధనలనే పరీక్షించుకోవడం. కొద్ది నిమిషాల ఆలస్యానికి సగం రోజు వేతనం కోసే చోట వేగం తగ్గించమని బోధించడం వృథా. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం జరిగే అవకాశం నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు షిఫ్టులు వరుసగా చేసినవారిని నిద్రమత్తులో బండి నడపనివ్వకుండా బస్సు ఏర్పాటు చేయడం, వాహనం నడుపుతున్న ఉద్యోగికి అధికారులు ఫోను చేయకుండా కట్టడి చేయడం ఖర్చు కంటే సంకల్పానికి సంబంధించిన విషయాలు.

మూడవది, కాంట్రాక్టు కార్మికులు, సరకు లారీల డ్రైవర్లు. భద్రతా శిక్షణ పర్మినెంటు ఉద్యోగులకే పరిమితమైతే అదే రోడ్డుపై నడిచే మిగిలినవారి వల్ల, వారికీ ముప్పు తప్పదు. లారీలు షిఫ్టు మారే వేళ గేటు వద్దకు రాకుండా సమయాలను సవరించడం, డ్రైవర్లకు విశ్రాంతి స్థలం కల్పించడం కాంట్రాక్టు షరతులలోనే చేర్చవచ్చు.

క్షతగాత్రులను ఆదుకునేవారిని కేసులతో వేధించరాదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం స్పష్టం చేసింది. ఈ సంగతి తెలియజెప్పి, ప్రథమ చికిత్సలో తర్ఫీదు ఇస్తే ప్రతి షిఫ్టులోనూ దారిలో సాయపడే చేతులు సిద్ధమవుతాయి. సంస్థలు అనుసరించదగిన రోడ్డు భద్రతా నిర్వహణ ప్రమాణం ఐఎస్ఓ 39001 కూడా 2012 నుంచే అందుబాటులో ఉంది.

గోవింద్‌పూర్ సమస్య గోవింద్‌పూర్‌ది మాత్రమే కాదు. విశాఖలోని గాజువాకకైనా, హైదరాబాదు శివారులోని పటాన్‌చెరుకైనా ఇదే వర్తిస్తుంది. కార్మికుడు క్షేమంగా ఇల్లు చేరినప్పుడే ఆనాటి షిఫ్టు ముగిసినట్లు సంస్థలు భావించవలసి ఉంది.